రంగుతో రాసిన సున్నా

నేను ఒక నల్లబల్లను. మీలో చాలామంది నా ముందు కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే కాబట్టి కొత్తగా పరిచయం చేసుకోవలసిన పని లేదు. నా ఒంటి మీద ఉన్నదంతా ఎవరో రాసిందే తప్ప నేను రాసుకున్నది ఒక్క ముక్క కూడా లేదు. ఎవరేం రాసినా ఇన్నేళ్ళూ మోశాను. లెక్క తప్పు చేసినా మోశాను, గుణింతం తప్పు రాసినా మోశాను. కానీ ఆమధ్య ఒక అబద్ధాన్ని తెల్లరంగుతో, ఎప్పటికీ చెరగకుండా నా మీద రాసిపెట్టారు. ఆ కోపంతోనే ఇదంతా చెబుతున్నాను. మెల్లగా, ముద్దుగా చెప్పమని మాత్రం అడగకండి.

నన్ను చేసింది బ్రహ్మయ్య అనే వడ్రంగి. మూడు మామిడి పలకలు అతికి, చుట్టూ వేపచెక్కతో చట్రం బిగించాడు. పని చేస్తున్నంతసేపూ బీడీ నోట్లో పెట్టుకుని ఎవరో ఒకరిని తిడుతూనే ఉన్నాడు. నా నోటి దురుసు ఆయన దగ్గరనుంచే వచ్చిందేమోనని నా అనుమానం. బొల్లుమిట్ట ఉన్నత పాఠశాలలో పదో తరగతి గదిలో నన్ను తగిలించారు. ఏటా బడి తెరిచేముందు పిల్లలు బొగ్గుపొడిలో దొండాకు పసరు కలిపి నాకు పూసేవాళ్ళు. అది ఆరాక నా నలుపు చూసి నేనే మురిసిపోయేదాన్ని.

అక్కడ ఇరవై రెండేళ్ళు ఉన్నాను. జీవశాస్త్రం చెప్పే మాస్టారు మంచివాడే. కప్ప గుండెను గదులతో సహా అందంగా గీసేవాడు. చిక్కుడు గింజ మొలకెత్తడం గురించి మూడు రోజులు చెప్పేవాడు. ప్రత్యుత్పత్తి పాఠం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆయనకు ఎక్కడలేని దగ్గు వచ్చేది. నా మీద పాఠం పేరు రాసి, కింద గీత గీసి, "ఇది పరీక్షలో పెద్దగా రాదు. ఇంటికాడ చదువుకోండి" అనేవాడు. మగపిల్లలు ముసిముసిగా నవ్వేవాళ్ళు. ఆడపిల్లలు తలలు వంచుకునేవాళ్ళు. గంట కొట్టేదాకా ఆ పేరు నా మీద అలాగే ఉండేది, కింద అంతా ఖాళీ. చిక్కుడు గింజ పుట్టుక చెప్పవచ్చు, కప్ప పుట్టుక చెప్పవచ్చు, మనిషి పుట్టుకను మనిషి పిల్లలకు చెప్పడానికి మాత్రం సిగ్గు. మీ తెలివికి దండం పెట్టాలి.

నా చివరి ఏడాది మూడో బెంచీలో రాహేలు అనే పిల్ల ఉండేది. మాస్టారు దగ్గుతున్నప్పుడు లేచి నిలబడి, "అందులో ఏముందో అదన్నా చెప్పండి సార్" అంది. ఆయన ముఖం ఎర్రబడింది. "కూర్చో. నీకెందుకంత తొందర?" అన్నాడు. తరగతంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది. ఆ ఏడాదిలో మళ్ళీ ఏమీ అడగలేదు.

ఆ తర్వాత బడికి గాజు బోర్డు వచ్చింది. నన్ను పక్కనే ఉన్న ఆరోగ్య ఉపకేంద్రానికి ఇచ్చేశారు. రెండు గదులు, ముందొక వరండా. వరండా గోడకు నన్ను తగిలించి, పెయింటరును పిలిచి తెల్లరంగుతో గళ్ళు గీయించారు. ఒక్కో గడి పక్కన ఒక్కో మాట. గర్భిణులు ఎందరు, వాళ్ళలో పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు ఎందరు, రక్తహీనత ఎందరికి, ఆసుపత్రి కాన్పులు ఎన్ని, ఇంటి కాన్పులు ఎన్ని, పసిబిడ్డల మరణాలు ఎన్ని, కాన్పు మరణాలు ఎన్ని. ఊళ్ళో ఆడవాళ్ళ ఆరోగ్యం ఎలా ఉందో ఈ గళ్ళు చూస్తే తెలిసిపోతుందట. మాస్టారు దగ్గి దాటేసిన పాఠంలో ఏముందో నాకు అప్పటిగ్గానీ తెలియలేదు. బతుకూ చావూ తేల్చే పాఠాన్ని పరీక్షలో రాదని వదిలేశాడా అని మండిపోయింది.

ఉపకేంద్రం నర్సు పేరు హైమావతి. ఐదు ఊళ్ళకు ఒక్కత్తే. పాత స్కూటరు మీద ఎండలో తిరిగి వచ్చి, చెమట తుడుచుకుంటూ నా గళ్ళలో సుద్దముక్కతో అంకెలు రాసేది. మొదట్లో ఉన్నది ఉన్నట్టే రాసేది. ఒక నెల రక్తహీనత గడిలో పద్నాలుగు అని రాసింది. ఆ సాయంత్రమే సూపర్‌వైజరు రంగనాయకులు వచ్చి నా ముందు నిలబడ్డాడు. "నీ సెంటర్లోనే ఇంతమంది రక్తం లేనోళ్ళు ఎట్టా ఉంటారమ్మా? పక్క సెంటర్లో ఇద్దరే. నీకు పని చేతగాకనా, వాళ్ళకి లెక్క చేతగాకనా?" అన్నాడు. హైమావతి ఏదో చెప్పబోయింది. ఆయన వినలేదు. మరుసటి నెల ఆ గడిలో మూడు అని రాసింది. ఒక్క నెలలో పదకొండు మందికి రక్తం ఎలా పట్టిందో నన్ను అడగకండి, రాసినవాళ్ళను అడగండి.

కాన్పు మరణాల గడిలో ఎప్పుడూ సున్నాయే. నెలనెలా చెరిపి మళ్ళీ అదే రాయడం వల్ల ఆ గడి మాసికలా తయారైంది. జిల్లాలో ఉత్తమ ఉపకేంద్రానికి బహుమతి ఇస్తారని కబురు వచ్చినప్పుడు రంగనాయకులు కంటికి అది ఆనలేదు. "ఎట్టాగూ మారేది కాదు గదా, సుద్ద దండగ. రంగుతో రాయించెయ్యండి" అన్నాడు. పెయింటరు వచ్చి గుండ్రంగా, నిండుగా సున్నా చుట్టి పోయాడు. ఇక మీదట ఈ ఊళ్ళో ఏ తల్లీ చావకూడదన్నమాట. చచ్చినా రాసే చోటు లేదు.

రాహేలు మళ్ళీ నా ముందుకు వచ్చింది ఆ తర్వాతే. ఏడో నెల కడుపు. పది తప్పగానే తల్లి మార్తమ్మ ఆ పిల్లను పొగాకు కంపెనీలో ఆకు రకాలు ఏరే గ్రేడింగు పనికి తీసుకుపోయింది. మొగుడు లేని మనిషి మార్తమ్మ. కంపెనీలో మేస్త్రీల చూపులు చూసి భయపడి, గంగిరేవు అనే ఊరి నుంచి సంబంధం రాగానే పెళ్ళి చేసేసింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి గనక ఇప్పుడు ఇంటికి తెచ్చుకుంది. వరండాలోకి రాగానే రాహేలు నా చట్రం మీద చెయ్యి వేసి, "అమా, ఇది మా బడి బల్లే గదా!" అంది. ఆ చెయ్యి సన్నగా ఉంది, గోళ్ళు పాలిపోయి ఉన్నాయి. వేళ్ళకు పొగాకు కంపు కొడుతోంది.

"వయసెంత?" అని హైమావతి అడిగింది.

"పంతొమ్మిదమ్మా" అని మార్తమ్మ చెప్పింది. రెండేళ్ళ క్రితం మూడో బెంచీలో కూర్చున్న పిల్లకు పంతొమ్మిది ఎలా వస్తాయో నాకు అర్థం కాలేదు. హైమావతి పిల్ల ముఖంలోకి ఒకసారి చూసింది. ఆమెకూ అర్థం కాలేదనుకుంటాను. అయినా కార్డులో పంతొమ్మిది అనే రాసింది.

తర్వాత వేలు గుచ్చి రక్తం చూసింది. ఆరు పాయింట్ ఎనిమిది. అది ఉండవలసిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఆ అంకె రాస్తే పెద్దాసుపత్రికి పంపాలి, రక్తం ఎక్కించాలి, పైకి చెప్పాలి, నా మీద ఒక అంకె పెంచాలి. బహుమతి కోసం పెద్దవాళ్ళు తనిఖీకి వచ్చేది ఇంకో రెండు నెలల్లో ఉంది. హైమావతి కలం కార్డు మీద కాసేపు ఆగింది. పది అని రాసింది.

"మాత్రలు వేసుకుంటన్నావా?" అని అడిగింది.

"మా అత్త వద్దందక్కా. అయ్యి మింగితే నల్లబిడ్డ పుట్టుద్దంట."

విన్నారా? నల్లబిడ్డ పుడుతుందట. నల్లగా పుట్టడం అంత నేరమైతే నన్ను ఇన్నేళ్ళు గోడకు ఎందుకు తగిలించుకున్నారు? తెల్లబిడ్డ కోసం ఆ ఇంట్లో ఇనుము మాత్రలు పెరట్లోకి విసిరేశారు, పిల్ల ఒంట్లో రక్తం మాత్రం ఇంకిపోయింది. రంగు గురించి ఇంత పట్టింపు ఉన్నవాళ్ళు పాలిపోయిన ఆ గోళ్ళ రంగు చూడలేకపోయారు. హైమావతి మళ్ళీ మాత్రలు ఇచ్చి, తప్పకుండా వేసుకోమని చెప్పి పంపేసింది. పద ఆసుపత్రికి అనలేదు.

తొలికాన్పుకు పుట్టింటికి రావడం మంచి ఆచారమే, కాదనను. అయితే దానికి రిజిస్టర్లలో చోటు లేదు. గంగిరేవు నర్సు తన పుస్తకంలో రాహేలు పేరు కొట్టేసి, పుట్టింటికి వెళ్ళింది అని రాసుకుంది. బొల్లుమిట్ట పుస్తకంలో బయటి ఊరి కేసు అని వేరే కాగితం మీద రాశారు. నిండు కడుపుతో ఉన్న పిల్ల ఇలా ఏ ఊరి లెక్కలోనూ లేకుండా పోయింది.

ఒక మంగళవారం పొద్దున ఎనిమిదింటికి మార్తమ్మ, ఆశా కార్యకర్త వెంకాయమ్మ కలిసి రాహేలును ఆటోలో తీసుకొచ్చారు. నొప్పులు ముదిరిపోయాయి. తలుపుకు తాళం వేసి ఉంది. బహుమతి కాగితాలు నింపడానికి హైమావతిని మండలానికి పిలిపించుకున్నారు. వెంకాయమ్మ ఫోను చేసింది. "మీటింగులో ఉన్నా. 108కి చెయ్యండి, నేనూ బయలుదేరతా" అంది హైమావతి. 108 బండి ఎక్కడో ఇంకో కేసుకు పోయింది. ఆ పిల్ల నా కిందనే, వరండా బండల మీద ప్రసవించింది. మార్తమ్మ చీర అడ్డం పట్టుకుని నిలబడింది. ఆడబిడ్డ. గట్టిగా ఏడ్చింది. చామనఛాయ. వెంకాయమ్మ నవ్వి, "అమ్మ పోలికేనే" అంది. రాహేలు కూడా నవ్వింది.

ఆ నవ్వు ఎంతసేపో లేదు. నెత్తురు ఆగలేదు. వెంకాయమ్మ తనకు తెలిసినదంతా చేసింది. మార్తమ్మ చీర తడిసింది, బండలు తడిశాయి. ఒంట్లో మామూలుగా రక్తం ఉన్న మనిషైతే ఇంకొంతసేపు తట్టుకునేదేమో. ఈ పిల్ల దగ్గర పోగొట్టుకోవడానికి ఏముంది? హైమావతి స్కూటరు మీద వచ్చేసరికి నలభై నిమిషాలైంది. తాళం తీసింది, సూది వేసింది. అప్పుడే బండీ వచ్చింది. రాహేలును ఎక్కిస్తుంటే తల పక్కకు వాలిపోయింది. రైలుగేటు దగ్గర బండి ఆగిందట. అక్కడే పోయిందని మధ్యాహ్నం వెంకాయమ్మ వచ్చి చెప్పింది. చెప్పి, నా కిందనే కూర్చుని ఏడ్చింది. ఆమె తలమీద గడిలో రంగుతో రాసిన సున్నా మెరుస్తూ ఉంది. నాకు నోరుంటే ఊరంతా వినేలా అరిచేదాన్ని.

పదకొండో రోజు మార్తమ్మ వచ్చింది. "యాడ రాశారమ్మా నా బిడ్డని?" అని అడిగింది.

"ఇక్కడ రాయకూడదు మార్తమ్మా. అది గంగిరేవు కేసు" అంది హైమావతి, కళ్ళు ఎత్తకుండా.

మార్తమ్మ గంగిరేవు పోయింది. మా దగ్గర పేరు కొట్టేశాం అన్నారు. ఆసుపత్రికి పోయింది. మా దగ్గరకు వచ్చేసరికే ప్రాణం లేదు, మా లెక్కలోకి రాదు అన్నారు. రైలుగేటు దగ్గర మరి ఏ బల్లా లేదు. మళ్ళీ ఇక్కడికే వచ్చింది. రంగనాయకులు ఆ రోజు ఇక్కడే ఉన్నాడు. "పోయిన మనిషి పోయింది. ఒక అంకె రాస్తే లేచి వచ్చిద్దా?" అన్నాడు.

"రాదు సారూ. రాస్తే పైనుంచి ఎవురో వచ్చి ఎందుకు పోయిందని అడుగుతారంట గదా. వెంకాయమ్మ చెప్పింది. అడగనీయండి. అడిగితేనే గదా రేపు ఇంకో పిల్లన్నా బతికేది" అంది మార్తమ్మ.

రంగనాయకులు ఫోను వచ్చినట్టు నటించి బయటికి పోయాడు. మార్తమ్మ అడిగిందల్లా ఒక్క అంకె. ఈ ప్రభుత్వాలు, ఈ కాగితాలు, ఈ పుస్తకాలు అన్నీ కలిసి ఒక తల్లికి ఒక్క అంకె ఇవ్వలేకపోయాయి.

బహుమతి తనిఖీ రోజున పొద్దున్నే వరండా కడిగారు. నా అంచులకు బంతిపూల దండ వేశారు. పదింటికి రెండు కార్లు వచ్చాయి. పెద్దవాళ్ళు దిగి నా ముందు నిలబడ్డారు. ఒకాయన గడి గడీ చూసుకుంటూ, "కాన్పు మరణాలు సున్నా. చాలా బాగుంది" అన్నాడు. గేదెకు గడ్డి కోసుకుని ఆ దారినే పోతున్న మార్తమ్మ ఆ మాట విని ఆగింది. గడ్డిమోపు రోడ్డు మీదే పడేసింది. చేతిలో కొడవలితో నేరుగా వరండా ఎక్కింది. అడ్డం వచ్చిన రంగనాయకులు కొడవలి చూసి పక్కకు జరిగాడు.

ఆమె ఎవరినీ ఏమీ చెయ్యలేదు. నా దగ్గరకు వచ్చి, ఆ సున్నా మీద కొడవలి మొన పెట్టి గీకడం మొదలుపెట్టింది. రంగు పెచ్చులు రాలాయి. మొన చెక్కలోకి దిగింది. నొప్పి పుట్టింది. గీకు తల్లీ, ఇంకా గీకు అనుకున్నాను. సున్నా పూర్తిగా పోయాక, కిటికీలో ఉన్న సుద్దముక్క తీసుకుని ఆ చోట పైనుంచి కిందికి ఒక గీత గీసింది. వేలిముద్ర వేసే మనిషి. నిలువుగీత గీయడానికి చదువు అక్కరలేదు.

"ఒకటి" అంది ఆ పెద్దాయన వైపు తిరిగి. "నా బిడ్డ. ఇక్కడే కన్నది, ఈ బండల మీద."

"కూతురు పోయిన దుఃఖం సార్. మతి సరిగా లేదు" అన్నాడు రంగనాయకులు. పెద్దాయన తల ఊపాడు. కొబ్బరినీళ్ళు తాగి కారెక్కాడు. ఎందుకు పోయింది అని మాత్రం అడగలేదు. హైమావతి తలుపు దగ్గర నిలబడి అన్నీ చూసింది, నోరు మెదపలేదు. ఆమె మీద నాకు అప్పుడు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

బహుమతి వచ్చింది. అవును, వచ్చింది. నా చోట ఫ్లెక్సీ కట్టారు. దాని మీద సున్నాలన్నీ ముందే అచ్చువేసి తెచ్చారు. నేను పాడైపోయానని రాసుకుని, వెనక గోడకు ఆనించి పడేశారు. పక్కన విరిగిన మంచం, తుప్పు పట్టిన తూకపు కాటా. ఇక నా బతుకు ఇక్కడే చెదలకు అనుకున్నాను.

నెల దాటాక ఒక బుధవారం. టీకాల రోజు. లోపల ఉక్క భరించలేక కడుపుతో ఉన్నవాళ్ళు తొమ్మిదిమంది వెనక గోడ నీడలో, నా పక్కనే కూర్చున్నారు. మార్తమ్మ మనవరాలిని టీకాకు తెచ్చింది. లోపల పసిది ఏడ్చిన శబ్దం వినపడింది. కాసేపటికి హైమావతి బయటికి వచ్చింది. చేతిలో పసిదాని కార్డు. అందులో తల్లి పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. అది అలాగే పట్టుకుని నా ముందుకు వచ్చి గొంతుక్కూర్చుంది. జేబులోనుంచి సుద్దముక్క తీసి, మార్తమ్మ గీసిన గీత పక్కన రాహేలు అని రాసింది. దాని పక్కన ఇంకో అంకె వేసింది.

మార్తమ్మ పసిదాన్ని ఎత్తుకుని వెనకే వచ్చింది. "ఏం రాస్తన్నావు?"

"పేరు. వయసు."

"వయసెంతని రాశావు?"

"నువ్వు చెప్పిందే. పంతొమ్మిది."

మార్తమ్మ పసిదాన్ని భుజం మీదకు మార్చుకుంది. "పదిహేడని రాయి. నేను చెప్పింది అబద్దం. పెళ్ళి చేసింది నేనే. కేసు పెడితే పెట్టుకోనీ, అదీ రాయి" అంది.

హైమావతి అరచేత్తో పంతొమ్మిది చెరిపి పదిహేడు రాసింది. ఆ పక్కన ఆరు పాయింట్ ఎనిమిది అని రాసింది. "ఇది దాని రక్తం. కార్డులో పదని రాసింది నేను మార్తమ్మా. ఆ రోజే ఆసుపత్రికి తీసకపోవాల్సింది" అంది. 

మార్తమ్మ చెయ్యి పైకి లేచింది. కొడుతుందనే అనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను కూడా. ఆ చెయ్యి అలాగే కాసేపు ఉండి పసిదాని వీపు మీదకు దిగింది. "గట్టిగా సదువు. ఈళ్ళందరికీ ఇనబడాల" అంది.

హైమావతి లేచి నిలబడి చదివింది. పేరు, వయసు, రక్తం, కార్డులో రాసిన అబద్ధం, అన్నీ. నీడలో కూర్చున్నవాళ్ళలో ఎనిమిదో నెల పిల్ల తిరుపతమ్మ నడుము పట్టుకుని లేచింది. తన కార్డు ముందుకు చాపింది.

"నర్సమ్మా, నా దాంట్లో కూడా పదేగా ఉంది? నిజం చెప్పు. నాకెంత?"

"ఆరున్నర."

ఇంకో ఇద్దరు కార్డులు తీశారు. ఒకామెకు ఏడు, ఇంకొకామెకు ఆరు పాయింట్ తొమ్మిది. లోపలినుంచి వచ్చిన వెంకాయమ్మ ఆటో కోసం రోడ్డు మీదకు పరిగెత్తింది. సూపర్‌వైజరు అడిగితే ఏం చెప్తావని ఎవరో అన్నారు. "ఉన్నది ఉన్నట్టు చెప్తా" అంది హైమావతి. ఉపకేంద్రానికి తాళం వేసి, ముగ్గురినీ ఆటోలో కూర్చోబెట్టి, తనూ ముందు ఎక్కింది.

ఆటో మలుపు తిరిగేదాకా మార్తమ్మ నా పక్కన నిలబడి చూసింది. తర్వాత భుజం మీద నిద్రపోతున్న పసిదాన్ని సర్దుకుని, "మీ అమ్మని ఇట్టా ఎవురూ తీసకపోలా" అంది.